మిన్నెసోటాలో నీళ్ళన్నీ తూర్పుకే

ఆ రోజుల్లో నేను కాలు కాలిన పిల్లినని నాన్న అనేవాడు (పిల్లయినా అప్పుడప్పుడూ పడుకుంటుందని అమ్మ సవరించేది). ఏ చదువులో చేరినా నెల తిరక్కుండానే విసుగు. చివరికి విజయనగరంలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో తేలాను. అక్కడి సారు ప్రదర్శన పెడతానని, తలో అమెరికా రాష్ట్రానికి చీటీ తీయించి, అందరికన్నా బాగా వివరించినవాళ్ళని టీచరుగా పెట్టుకుంటానన్నారు. నాకు మిన్నెసోటా వచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే సాలూరులో మావయ్య లారీకి క్లీనరుగా ఎక్కాలని నాన్న తీర్పు.

నా గదిలో ఉండేవాడు సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర తెగ కుర్రాడు. ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. నేను పాత తలుపు మీద బంకమట్టితో మిన్నెసోటా మెత్తుతుంటే, వాడు సారిచ్చిన పుస్తకం తిరగేస్తున్నాడు. "ఒరే బావ, ఇక్కడ నీళ్ళు మూడు దిక్కులకి ఎల్తాయంట. ఎర్ర నది ఉత్తరానికి, మిసిసిపీ దచ్చినానికి, మిగిలినయి తూర్పున పెద్ద సరస్సులోకి." నేను నవ్వాను. "నదన్నాక తూర్పుకే ఎల్తాది. నాగావళి సూడు, వంశధార సూడు, చంపావతి సూడు!" అంటూ తలుపు పడమటి అంచు కింద రెండు ఇటుకలు దూర్చాను. (పుస్తకం చదవాలంటే ఒకచోట కూర్చోవాలి కదా!) తర్వాత అక్కడి మూలవాసుల వంతు. కోళ్ళ దుకాణం నుంచి ఈకలు తెచ్చి, అట్టముక్కకి గుచ్చి, వాడి నెత్తికి కట్టబోయాను.

"ఏటిరా ఇది? ఫొటో సూడు. ఈ ఒజిబ్వే తెగాయన టోపీ ఎట్టుకొని, పడవలో కూకొని, సరస్సులో దానంతటదే పండిన ధాన్యం కర్రల్తో దులుపుతన్నాడు. ఈకలేవీ?"

"జనానికి తెలవాలి కదేటి? నీ మొకానికి అతికినట్టుంటాది, కూకో!" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ప్రదర్శన రోజు సారు నా బల్ల దగ్గరికి రాగానే చెంబుతో నీళ్ళు పోశాను. మిసిసిపీ, ఎర్ర నదీ కట్టగట్టుకుని తూర్పుకి దూకి, సరస్సుని ముంచి, సారు కొత్త బూట్లలో కలిశాయి. హాలంతా గొల్లుమంది. పరువు దక్కించుకోవాలని బావని ముందుకి తోశాను. "మరి ఇతనెవరు?" అన్నారు సారు, కాలు విదిలించుకుంటూ. వాడు ఈకలు తీసి నా చేతిలో పెట్టాడు. "సవరోణ్ణి సార్. సీతంపేట పక్కన మాది. ఈకలు ఈడివి." హాలు ఇంకా గట్టిగా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

ఉద్యోగం పక్క బల్ల మీద మొక్కజొన్న పొత్తులతో అయోవా పేర్చిన అమ్మాయికి దక్కింది. నేను లారీ ఎక్కాను. కొన్నేళ్ళు రోడ్ల మీద తిరిగాక, ఒకనాడు ఉండబట్టలేక వాడి ఊరు వెళ్ళాను. వాడు టోపీ పెట్టుకుని, బండి మీద బస్సు దగ్గరికి ఎదురొచ్చాడు. "ఏటిరా నా నెత్తి కాసి సూస్తన్నావు? ఈకలెతుకుతన్నావేటి?" లేదన్నాను. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం వెతికాను.

సాయంత్రం వాళ్ళింటి వెనక గెడ్డ ఒడ్డున కూర్చున్నాం. "తప్పయిపోయిందిరా" అన్నాను. దేనికని వాడు అడగలేదు. గెడ్డలో నీళ్ళు గలగలమంటూ పోతున్నాయి, దిగిపోతున్న సూర్యుడి వైపు. నేను అటు చూడడం వాడు చూశాడు.

"ఇటకలు తేనా బావ?"

కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, సూర్యుడు కొండ వెనక్కి జారేదాకా కదలకుండా కూర్చున్నాను. అమ్మ చూస్తే నమ్మేది కాదు.