తొట్టిలో పోసిన చన్నీళ్లు

“ఆ పొద్దు మంట రంగు నా కంటికి తెలీలేదే. అందుకే పగిలింది.”

“నీళ్లు తాగి పండుకో.”

నా పెనిమిటీ నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆరేళ్లుగా దాచిన మాటను, ఆయన పోయి ఏడాదయ్యాక, ముక్కూ మొహం తెలియని మీకు చెప్పుకుంటున్నాను. నాకు కూడబలుక్కుని చదవడమే గానీ రాయడం రాదు. రాసేది నా మరిది, ఆయన తమ్ముడు.

కమలాపురం దగ్గర మాది కమ్మరి కొలిమి. ఆయన సుత్తి, నేను గాలితిత్తి. యుద్ధానికి పోయి బర్మాలో బండ్లు బాగుచేసి వచ్చాడు. అక్కడ జపాను వాళ్ల కత్తి ఒకటి చూశాడట. జానెడు కత్తి, దాని మీద నీటి అలల్లాంటి చారలు. అది మొదలు, అట్లాంటిది తానూ చెయ్యాలని అదే పిచ్చి. లారీ కమాను ఉక్కునూ పాత ఇనుమునూ పేర్చి కాల్చడం, సాగగొట్టడం, మడవడం, మళ్లీ కాల్చడం. మడత విడిందా, మళ్లీ మొదటికి. అట్లా మూడు వేసవులు. తిత్తి లాగి లాగి నా భుజాలు పడిపోయాయి.

తొలకరి ముంచుకొస్తుంటే రైతులు దున్నే మడకల కర్రులు పట్టుకుని వాకిట్లో నిలబడేవాళ్లు. ఈయన రేపు రమ్మనేవాడు.

“ఏమ్మా, మీ ఆయప్ప జపాను రాజుకు కత్తి చేస్తాండాడంట గదా! మా కర్రులు యాడ కనపడతాయిలే,” అని ఒకాయన నవ్వి వేరే కొలిమికి పోయాడు. నాకు ఒళ్లు మండింది. ఈయనకు వినపడనైనా లేదు.

మూడో వేసవిలో కత్తి పదునుకు, అంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడానికి, సిద్ధమైంది. కత్తి వీపుకు, మొండి వైపున, బంకమన్ను పూసి ఆరబెట్టాడు. తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చన్నీళ్లు తగిలితే అంత పల్చని ఉక్కు పగులుతుంది అని నాకు రెండుసార్లు చెప్పాడు. చెప్పనక్కరలేదు. నేనూ కమ్మరి బిడ్డనే. కత్తి మోదుగపువ్వు రంగుకు రావాలని ఆయన మంటలోకే చూస్తున్నాడు. నేను తిత్తి వదిలి లేచి, కడవెడు చన్నీళ్లు తొట్టిలో పోశాను. నీళ్లు సరిగా ఉన్నాయా అని తల తిప్పకుండా అడిగాడు. ఉన్నాయన్నాను.

కత్తి తీసి తొట్టిలో ముంచాడు. టిక్కుమంది. అంతే. అంచు నుంచి వీపు దాకా చీలిక.

తొట్టిలో చెయ్యి పెట్టి చూస్తాడనుకున్నాను. చూడలేదు. ఎందుకు చూడలేదు? నా మాట మీద అంత నమ్మకమా? తన కన్నే మోసం చేసిందన్నాడు. మంట రంగు తెలియనివాడు కమ్మరెట్లా అవుతాడని కొలిమి ఆర్పేసి, నాపరాళ్ల గనికి కూలికి పోయాడు. ఆ దుమ్ముతోనే దగ్గు పట్టింది. నేను కోరింది కర్రుల పని సాగాలని. అదీ పోయింది.

ఒకరోజు ఆ పగిలిన కత్తి మీద చింతపండు రుద్ది చూశాను. చారలు తేలాయి. చీలిక పక్కన కూడా ఒక్క మడత విడలేదు. ఆయన పనిలో తప్పు లేదు. అది చూశాక కూడా నోరు విప్పలేదు. చెబితే కొలిమి మళ్లీ రాజుకుంటుంది, ఆ కత్తీ మళ్లీ మొదలవుతుంది, తిత్తి మళ్లీ నా చేతికొస్తుంది అన్న భయమో, ఒంటి నొప్పో, ఆయన మీద కసో, ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

క్షమించమని అడగడం లేదు. అడగడానికి ఆయన లేడు. చెప్పాను, అంతే. మరిది తలెత్తలేదు గానీ, చన్నీళ్ల మాట దగ్గర కలం ఆగింది.

“అప్పా, నీళ్లు నేను ‘పోసినా’ అని రాసినావా, ‘ఒలికినాయి’ అని రాసినావా? మొదట్నుంచి చదువు, ఇంటా.”