గోనె పీచు

చీరాలలో ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే గోవర్ధనరావు గారు ఏ చెక్క కనిపించినా బొటనవేలి గోరుతో నొక్కి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని తడతారు. పత్తికట్టెల పొడిని జిగురుతో అచ్చుపోసి ఆయన చేసే బోర్డు మాత్రం ఆరగానే పగిలిపోయేది. ఒకరోజు ఆయన ప్రయోగాలు చేసుకునే షెడ్డు ఊడవడానికి వచ్చిన ఎలీసమ్మ ఆ పగుళ్లు చూసి, "మట్టిగోడకి గడ్డి కలుపుతాం కదండీ, దీంట్లో గోనె పీచు వేసి చూడండి సారూ" అంది. వేశారు. బోర్డు మళ్లీ పగల్లేదు. పేటెంటుకు దరఖాస్తు మాత్రం తన ఒక్కడి పేరుతోనే పెట్టారు.

2004లో చెన్నై పేటెంటు ఆఫీసులో జరిగిన విచారణలో అధికారి రెండు పాత పేటెంట్లు ఆయన ముందు పెట్టాడు. "పొడితో బోర్డు ఒకరు చేశారు, జిగురులో పీచు ఇంకొకరు కలిపారు. ఈ రెండూ కలపాలని ఎవరికైనా తోచేదే కదా?"

"తోచదండి. నాకే మూడేళ్లు పట్టింది" అన్నారు గోవర్ధనరావు. అంటుంటేనే చెవులు వేడెక్కాయి. అధికారి నమ్మాడు. పేటెంటు వచ్చింది.

షెడ్డులో తగిలించిన ఆ పత్రం అద్దాన్ని ఎలీసమ్మ కొంగుతో తుడిచి, "మన బోర్డుకి గవర్నమెంటు కాగితం వచ్చిందాండీ!" అని మురిసిపోయింది. ఆయన చెప్పులేసుకుని షెడ్డు బయటికి నడిచారు. ఇప్పటికీ ఆమె ఊడ్చే వేళకు ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్లి, ఎండలో నిలబడతారు.