నీలం చొక్కాల దళంలో నాలుగోవాడు

ఉదయం తొమ్మిదికి అమెరికాలో అల్లుడి ఊరు బెంటన్‌విల్ శివార్లలోని మైదానానికి చేరాం. ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. కారులోంచి నన్ను దింపుతూ అల్లుడు కిరణ్ హెచ్చరించాడు.

"మామయ్యగారూ, ఇది జస్ట్ ఫన్. మీ ఆర్మీ రూల్స్ ఇక్కడ పెట్టకండి."

మన సైన్యంలో గుర్రపు దళంలో ఇరవై ఏళ్లు చేసినవాణ్ణి. ఇక్కడి పాత అశ్వికదళం వేషాలు వేసే క్లబ్బుకి గుర్రాలు తెలిసిన మనిషి కావాలంటే కిరణే నా పేరిచ్చాడు. నాకిచ్చిన సరంజామా: నీలం చొక్కా, పసుపు రుమాలు, చెవుల దాకా దిగే టోపీ. మా కెప్టెన్ రిటైరైన పళ్ల డాక్టరు. యుద్ధమంతా కౌబాయ్ సినిమాల్లో నేర్చాడు.

ఆయన ఆర్డరు: "బూర ఊదగానే కత్తులు దూసి ఒకటే దౌడు!"

నాకు ఒళ్లు మండింది. నిజానికి ఆ పాత దళాలు గుర్రాల్ని దౌడు తీయించడం తక్కువ, నడిపించడమే ఎక్కువ. మధ్యమధ్య దిగి గుర్రం పక్కనే నడిచేవారు. పోరు మొదలైతే ముగ్గురు దిగి తుపాకులు పట్టేవారు, నాలుగోవాడు నాలుగు గుర్రాల కళ్లాలూ పట్టుకునేవాడు. కత్తులు చాలాసార్లు బారక్స్‌లోనే ఉండేవి. పాపం, ఆ నాలుగోవాణ్ణి నేను చూసిన ఏ సినిమాలోనూ చూపించలేదు.

చరిత్ర పోతే పోనీ. నా భయమంతా కెప్టెన్ గుర్రం డాలీ గురించే. ముసలిది. నిలబడే రొప్పుతోంది. ఈ ఎండలో దౌడు తీస్తే కూలిపోతుంది.

"సర్, దీన్ని నడిపిద్దాం."

"సినిమాలో ఎవరైనా నడవడం చూశారా?"

"సినిమాలో గుర్రానికి నీళ్లు పెట్టడం కూడా చూడలేదు సర్."

ఆయన నవ్వి, కళ్లెం నా చేతిలో పెట్టి ఫొటోలకి వెళ్లిపోయాడు.

గుర్రం ఆగితే ముందు జీను పట్టీ వదులు చేయాలి. మా దళంలో అది చెప్పులు విప్పినంత అలవాటు. నా చేతులు ఆ పని చేసేశాయి. అంతలోనే బూర మోగింది. కెప్టెన్ పరుగున వచ్చి రికాబులో కాలు పెట్టాడు.

"సర్, ఆగండి! పట్టీ..."

జీను గిర్రున తిరిగింది. కెప్టెన్ డాలీ పొట్ట కింద పడ్డాడు. డాలీ కదల్లేదు. జనం అది కూడా ప్రోగ్రామే అనుకుని చప్పట్లు కొట్టారు.

తిడతాడనుకున్నాను. ఆయన కింద నుంచే డాలీ డొక్కల వైపు చూస్తున్నాడు.

"ఎప్పటి నుంచి ఇలా ఆయాసపడుతోంది?"

"పొద్దుట్నుంచీ సర్."

"దౌడు క్యాన్సిల్! నీళ్లు తెండి!" అని అరిచాడు. ఆయన మీద నా కోపమంతా అక్కడే పోయింది.

తిరుగుదారిలో కిరణ్ అడిగాడు, "ఎలా జరిగింది మామయ్యగారూ?"

"ఫన్నే," అన్నాను.

ఇప్పటికీ నా కళ్లముందు అదే దృశ్యం. బకెట్ దొరక్క కెప్టెన్ తన కొత్త టోపీ నిండా నీళ్లు పట్టి, డాలీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. డాలీ నీళ్లన్నీ తాగేసి, తాపీగా టోపీ అంచు నమలడం మొదలుపెట్టింది. ఆయన టోపీ వెనక్కి లాక్కోలేదు.