అంట్ల బండ దగ్గర పాదరసం

బరువులు తూచడమే నా బతుకుతెరువు. గుడివాడ రోడ్డులో ఒక రైసుమిల్లు కాటా దగ్గర చాలా ఏళ్ళు కూర్చున్నాను. ధాన్యం లారీ మలుపు తిరుగుతుండగా టైర్లు నొక్కుకున్న తీరు చూసి బరువు చెప్పేవాణ్ణి. కాటా నా మాటకి పెద్దగా అడ్డు చెప్పేది కాదు. అలాంటివాడికి ఒక ఉంగరం బరువు తెలియదా? తెలుసు. ఇన్నేళ్ళుగా మోస్తున్నది దాన్నే. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

తొంభైల చివర్లో మేము బందరులో ఒక వరస ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. అందరికీ కలిపి ఒక పెరడు, ఒక కుళాయి, దాని పక్కన అంట్లు తోముకునే నల్ల బండ. ఎదురింట్లో రాహేలమ్మక్క ఒక్కతే ఉండేది. ఆవిడ భర్త దావీదు గారు రోల్డుగోల్డు పనివాడు. మేము ఆ ఇంటికి రాకముందే పోయారు. ఆయన్ని నేను చూడలేదు. అయినా బాగా ఎరిగినట్టే ఉండేది, ఎందుకంటే అక్క ఆయన గురించి పక్కగదిలో ఉన్న మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. ఆయనకి పులుసు చిక్కగా ఉండాలి. ఆయనకి వాన శబ్దం వింటే నిద్రపడుతుంది.

అక్క వేలికి పెళ్ళినాటి ఉంగరం. రాగి గాజులకి పూత పూసే మనిషి పెళ్ళానికి అసలు బంగారం పెడతాడా అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిణ్ణి ఆటపట్టించేవాళ్ళు. అక్క చెయ్యి చాపి చూపించేది. "ఊరందరికీ పూత. నాకు మాత్రం అసలుది," అనేది. ఆ మాట దావీదు గారిది. పెళ్ళినాడు ఆయన అన్నదట.

ఇక నా సంగతి. నేను ఎనిమిదితో చదువు ఆపేశాను. తర్వాత నేర్చుకున్నదంతా నాకు నేనుగా నేర్చుకున్నదే. గోడకి ఎన్ని ఇటుకలు పడతాయి, చెరువులో ఎంత నీరు పడుతుంది, ఇలాంటివి అడగడానికి జనం నా దగ్గరికి వచ్చేవాళ్ళు. కొలిచే వస్తువేదైనా నాకు మోజు. ఒక డాక్టరు గారు ప్రాక్టీసు మానేసినప్పుడు ఆయన కాంపౌండరు పాత బీపీ పెట్టె నాకిచ్చాడు. కొన్నాళ్ళకి దాని గాజు గొట్టం పగిలింది. లోపలి పాదరసాన్ని ఒక చిన్న హోమియో సీసాలోకి ఎత్తి ఉంచాను.

ఆదివారం మధ్యాహ్నాలు దాన్ని సాసర్లో పోసుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క బొట్టులో కిటికీ, కిటికీ అవతల కొబ్బరాకు, దాని వెనక మబ్బు, ఈ పక్కన నా ముఖం. వేలితో తాకితే రెండు కిటికీలు, రెండు మబ్బులు. సాసరు వంచితే మళ్ళీ ఒకటే. ఇల్లంతా నిద్రపోతుండేది. సముద్రపు గాలి పరదాని లేపి దించుతుండేది. నాకు టైము తెలిసేది కాదు. అంత లెక్క మనిషిని, లెక్క మరిచిపోయేది అక్కడొక్కచోటే.

కాంపౌండరు ఒకసారి బజారులో కలిసి, అది విషమనీ, దాని ఆవిరి కూడా మంచిది కాదనీ, ఇంట్లో ఉంచుకోవద్దనీ చెప్పాడు. మరి ఎక్కడ పారెయ్యాలంటే ఆయనకీ తెలియదు. తూములో పోసి బకెట్టు నీళ్ళు కొట్టమన్నాడు. కాలవలన్నీ సముద్రానికేగా అన్నాడు. నేను ఇంటికొచ్చి లెక్క వేశాను. చెంచాడు పాదరసం, అంత సముద్రం. ఎంత పలచబడుతుందో చూస్తే సున్నాల వరస కాగితం అంచుదాకా పోయింది. నాకు హాయిగా అనిపించింది. మబ్బు పట్టిన ఒక సాయంత్రం సీసా తెచ్చి, కుళాయి పక్క తూములో వంచి, రెండు బకెట్లు గుమ్మరించాను.

పాదరసం నీళ్ళకి పదమూడున్నర రెట్ల బరువు. ఆ సంగతి నాకు కంఠతా వచ్చు. బరువైనది నీళ్ళతో పోదు, కిందే కూర్చుంటుంది. ఆ ఒక్క ముక్క ఆ సాయంత్రం నాకెందుకు తోచలేదు? బరువుల మనిషిని, బరువే మరిచిపోయాను. సగం తూములో, సగం నీళ్ళ దెబ్బకి చిమ్మి పక్కనున్న బండ పగులులో, బూడిద పేరుకున్న గుంటలో అది హాయిగా పడుకుంది.

మర్నాడు పొద్దున్నే అక్క మా అరుగు దగ్గరికొచ్చింది. చేతులకి ఇంకా బూడిద తడి ఉంది.

"తమ్ముడూ, ఓసారి ఇది చూడు."

ఉంగరం తెల్లగా ఉంది. పాత తగరపు డబ్బా రంగు.

"అంట్లు తోముతుంటే ఇట్టా అయింది. చింతపండేసి రుద్దినా పోలా. లెక్కా డొక్కా తెలిసినోడివి, నువ్వు చెప్పు. ఇది పూతేనా?"

"బంగారం కొట్లో చూపించకపోయావా అక్కా?"

"ఈ ఊళ్ళోనా? ప్రతి కొట్టువాడూ ఆయన్ని ఎరిగినోడే. పోయిన మనిషిని నేనే బజారుకి ఈడ్చనా?"

నాకు అప్పటికే అర్థమైపోయింది. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని ఎక్కడో చదివాను. నోరు తెరిస్తే చాలు. కానీ తెరిస్తే విషాన్ని అందరూ గిన్నెలు కడిగే చోట పోసింది నేనేనని చెప్పాలి. ఓనరు ఏమంటాడు? ఆ ఆడవాళ్ళు ఏమంటారు? లెక్క తప్పని మనిషినని వాళ్ళ దగ్గర నాకున్న పేరు ఏమవుతుంది?

"పూతయితే పోతుంది కదక్కా," అన్నాను.

అక్క ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పింది. నవ్వింది. "ఆయనంత పనిమంతుడు బందర్లోనే లేడనేవాళ్ళు. నిజమేలే. ఇన్నేళ్ళు నాకే తెలియనివ్వలా."

నేనన్నదాంట్లో అబద్ధముందా? పూతయితే పోతుంది. ఆ మాటలో తప్పు పట్టుకోవడానికి లేదు. అలా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. కానీ ఆవిడ అడిగింది పూత గురించి కాదు. తను బతికిన కాపురం గురించి. దానికి నేనిచ్చిన జవాబు అది.

ఆ మధ్యాహ్నం పెరట్లో ఎవరూ లేనప్పుడు ఒక శుభలేఖ అట్టతో బొట్లన్నీ దగ్గరికి తోసి, సీసాలోకి ఎత్తి, పైన కాస్త నీళ్ళు పోసి మూత బిగించాను. చీపురు తగలనివ్వలేదు, ఒక్క బొట్టు జారనివ్వలేదు. అంత జాగ్రత్తగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. బండ పగిలిందని ఓనరుకి చెప్పి, కింది మట్టితో సహా తీయించాను. ఎందుకో చెప్పలేదు. సీసా తీసుకెళ్ళి ఒక కాలేజీ ల్యాబులో అడిగితే, అక్కడి మనిషి అందుకుని బీరువాలో పెట్టాడు. అంతే. తూములో పొయ్యకముందు అడిగినా అలాగే అందుకునేవాడు. జాగ్రత్త కోసం చేశానా, ఆనవాలు చెరపడానికి చేశానా? రెండూ ఒకే పనిలో కలిసిపోయాయి. సాసరు వంచినప్పుడు బొట్లు కలిసినట్టు.

ఆ తర్వాత అక్క దావీదు గారి పేరెత్తలేదు. పులుసు మాట లేదు, వాన మాట లేదు. సమాధుల పండుగకి ఏటా ఆయన సమాధికి తనే సున్నం వేసేది. ఆ ఏడు వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పులంది. సున్నం బకెట్టు కుళాయి దగ్గర ఎండిపోయి అలాగే ఉండిపోయింది. నేను రోజూ దాని పక్కనుంచే మిల్లుకి వెళ్ళేవాణ్ణి.

ఒకరోజు పాత సామాన్లవాడు సైకిలు మీద వచ్చాడు. అక్క విరిగిన స్టవ్వు, సొట్ట గిన్నెలు వేసి, పైన ఉంగరం కూడా పడేసింది. వాడు ఒక ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాడు. నేను అరుగు మీద నుంచి చూస్తున్నాను. వాడు సందు దాటాక వెనకాలే వెళ్ళి ఉంగరం అడిగాను.

"గిల్టుదండీ, అదీ తెల్లబోయింది. ఇంట్లో ఆవిడకి పెట్టారంటే మీ చెవులు మిగలవు," అని నవ్వి, చిల్లర తీసుకుని ఇచ్చాడు.

అరచేతిలో పడగానే తెలిసింది. ఇత్తడికీ రాగికీ అంత బరువుండదు. లోపలి అంచున, వేలికి ఆనుకునే చోట, పసుపు చెక్కుచెదరలేదు. అసలుదే. వెనక్కి తిరిగితే అక్క తలుపు తీసే ఉంది. నేను నేరుగా మిల్లుకి వెళ్ళిపోయాను. తెలుపు వదిలించి ఇద్దామనుకున్నాను. కాలిస్తే వదులుతుందట, కానీ ఆ పొగ విషం. కంసాలికిస్తే కథ అడుగుతాడు. రేపు, ఎల్లుండి, పండగ వెళ్ళాక. క్రిస్మస్ వెళ్ళింది. అక్క నాగాయలంకలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మగ్గు కూడా పట్టుకెళ్ళింది.

ఒకసారి ఉంగరం జేబులో వేసుకుని బస్సెక్కాను. అవనిగడ్డ దాటాక అటూ ఇటూ రొయ్యల చెరువులు. మధ్యాహ్నపు ఎండలో అన్నీ తెల్లగా, కదలకుండా, ఒక్కోదాంట్లో ఒక్కో మబ్బు. ఎవరో పైనుంచి సీసా వంచినట్టుంది. బస్సు ఆ తెలుపు మధ్య తేలుతూ పోతోంది. ఇందులో ఏ చెరువు అవతల అక్క ఉందో, ఏమని మొదలుపెట్టాలో. నాగాయలంకలో దిగాను. స్టాండులో టీ తాగాను. అదే బస్సులో వెనక్కి వచ్చాను.

అక్క పోయిందని మొన్నీమధ్య తెలిసింది. అక్కడే సమాధి చేశారట. దావీదు గారి సమాధి బందర్లో, ఆవిడది అక్కడ.

ఉంగరాన్ని ఆ చెల్లెలికి పంపిస్తాను. దాంతో ఏదీ సరైపోదు. అడిగిన మనిషి లేదు. నేను చెప్పవలసింది ఒక్క మాటే, అదీ ఆ పొద్దున్న, ఆ అరుగు మీద, ఆవిడ చేతులకి బూడిద తడి ఆరకముందే. ఇక్కడ మీ ముందు చెబుతున్నాను.

అది పూత కాదక్కా. ఆయన నీకు అసలుదే పెట్టాడు.