నాన్న చెప్పాడు, నేను రాయలేదు

నాకు కోపం ఎక్కువ. కోపం వస్తే నా నోటికి హద్దూ పద్దూ ఉండదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ నా జన్మలోకెల్లా నేను చేసిన పాడుపని నోరు మూసుకుని చేశాను, చక్కటి దస్తూరితో, నాన్న మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని. ఇది చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు కూడా ఎవరి పేరూ రాయకుండానే చెబుతున్నాను.

మా ఊరు కోటబొమ్మాళి నుంచి ఆటోలో అరగంట. నాన్నకు చెరువు కింద కొంత వరి పొలం, ఊరి వెనక మెట్ట మీద ఎకరం జీడితోట ఉండేవి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నన్నూ, మా తమ్ముణ్ణీ పెంచింది మా మేనత్త. ఆవిడ నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, ఇంక ఎక్కడికీ పోలేదు. నాకు జడలు వేసింది, తమ్ముడి ముక్కు తుడిచింది, ఆవును మేపింది, ఊడ్పులకు వెళ్ళింది. ఆ జీడితోట ఒకప్పుడు వట్టి ముళ్ళకంపల దిబ్బ. మొక్కలు నాటి, రెండు వేసవులు కింద బావి నుంచి కుండలతో నీళ్ళు మోసి బతికించింది అత్తే. పిక్కలు వలిచి వలిచి, జీడిసొన తగిలి ఆవిడ వేళ్ళ తోలు ఊడిపోయి నల్లగా ఉండేది. బడికి దిగబెట్టడానికి వస్తే ఆ చెయ్యి పట్టుకోవడానికి నాకు నామోషీగా ఉండేది. నేను రెండడుగులు ముందు నడిచేదాన్ని.

ఆ చేతుల కష్టంతోనే చదువుకుని నేను విజయనగరంలో టీచరునయ్యాను. నాన్నకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాది, ఒకరోజు ఆయనే ఫోన్ చేయించాడు. "ఓపాలి రా. తెల్ల కాయితాలు అట్టుకొని రా" అన్నాడు. నాన్నకు అక్షరం ముక్క రాదు. పత్రం రాయాలంటే ఇంట్లో నేనే గతి.

వెళ్ళేసరికి తమ్ముడు పొలంలో ఉన్నాడు. నాన్న అరుగు మీద మంచంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మంచంలో పడుకున్న అన్నాళ్ళూ ఆయన ఇదే ఆలోచించాడని నాకు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. ఒక్కొక్క మాటా ముందే కూడబెట్టుకున్నాడు.

"పొలం కొడుక్కి. ఇల్లూ కొడుక్కే, గానీ ఎనక గది సెల్లి బతికినన్నాళ్ళూ సెల్లిది. ఆ గది తలుపు పశువుల సాలవైపు తెరుసుకుంటాది, దాన్ని ఎవులూ మూయకూడదు. ఏడాదికి ఆరు బస్తాల ధాన్యం దానికియ్యాల. కళ్ళంలోనే కొలిసి ఇయ్యాల, ఇంటికి తెచ్చినాక కాదు. ఆవు దానిది. ఈనితే దూడ కూడా దానిదే."

నేను రాస్తున్నాను. పెద్ద ఇత్తడి గుండిగ నాకన్నాడు. అది రాశాను. ఆ తర్వాత నా పేరు ఇంకెక్కడైనా వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఉన్న మాట చెప్పాలంటే ఆశగా కూర్చున్నాను.

"జీడితోట సెల్లికి" అన్నాడు నాన్న. "బతికినన్నాళ్ళూ అని రాయకు. దానికే. తరవాత అది ఎవులికి ఇచ్చుకుంటాదో దానిష్టం."

"మరి నాకేటీ లేదా నాన్నా?" అన్నాను.

"నీకు సదువిచ్చినాను కదే. నెలనెలా జీతం వస్తాది. దానికేటుంది సెప్పు?"

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తోట తమ్ముడికి రాయమని ఉంటే అంత మండేది కాదేమో. అత్తకా? కన్న కూతురికి గుండిగా, అత్తకు తోటా? ఈ మాట ఇలా రాస్తుంటేనే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, కానీ ఆ రోజు నేను అనుకున్నది అక్షరాలా ఇదే. నాన్న చెప్పిన వాక్యం రాయలేదు. దాని చోట 'మిగిలిన ఆస్తి నా పిల్లలిద్దరికీ సమానంగా చెందవలెను' అని రాశాను.

"సదువు" అన్నాడు నాన్న.

చదివాను. ఆ చోటికి వచ్చేసరికి కాగితం మీద ఉన్నది కాకుండా ఆయన చెప్పింది చదివాను. జీడితోట నా చెల్లెలికి, అని, ఎక్కడా తడబడకుండా. నాన్న కళ్ళు మూసుకుని, ఒక్కో అంశానికీ ఒక్కో వేలు మడుస్తూ "ఆఁ" కొడుతున్నాడు. అత్త అప్పుడే సాలలోంచి పేడ చేతులతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆ ముక్క విన్నది. "నాకెందుకన్నా తోట" అంది గానీ ముఖం వెలిగిపోయింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. తర్వాత పక్కింటాయన్నీ, ఇంకొకాయన్నీ పిలిస్తే వచ్చి సాక్షి సంతకాలు పెట్టారు. మా వైపు సాక్షులు కాగితం చదవరు. చదివితే నమ్మలేదని అనుకుంటారని వాళ్ళ మొహమాటం. నాన్న వేలిముద్ర వేశాడు.

కోపం చల్లారాక ఇంకో కాగితం రాద్దాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పది రోజులు తిరక్కుండా నాన్న పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనాలకు ముందు, బంధువులందరి మధ్యా తమ్ముడు ఆ కాగితం చదివాడు. అయిపోయాక పక్కింటాయన, "తోట సెల్లికి రాస్తానని నాతో అన్నాడు కదా అన్న. అది సదవనేదేటి?" అని అడిగాడు. తమ్ముడు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అటువంటిదేమీ లేదన్నాడు. రాసింది నేనే కనక అందరూ నావైపు చూశారు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ రాలేదు. "మిమ్మల్ని సంతకాలకు పిలిచేలోపల నాన్న మనసు మార్చుకున్నాడు. మళ్ళీ రాయించాడు" అన్నాను. చచ్చిపోయిన మనిషి మీద పెట్టేశాను.

అత్త గోడవారగా కూర్చుని ఉంది. "అన్న ఇష్టం. నాను ఏదో తప్పు సేసుంటాను" అని లేచి విస్తళ్ళు వేయడానికి వెళ్ళింది.

ఆ తప్పేమిటో వెతకడం అప్పుడు మొదలుపెట్టింది ఆవిడ. నేను ఎప్పుడు ఊరెళ్ళినా పక్కన చేరేది. "నువ్వు దగ్గరున్నావు కదే. ఎందుకు మార్సినాడో ఏటైనా అన్నాడా?" అని అడిగేది. లేదత్తా అనేదాన్ని. "ఆ ముందురోజు గంజి పలసగా కాసినానని కసిరినాడు. అదే గావాల" అనేది. ఇంకోసారి, "ఆస్పత్రికి రమ్మంటే ఆవు ఈనేలాగుందని ఎల్లనేదు నాను. అది మనసులో పెట్టుకునుంటాడు" అంది. ఇంకోసారి, చిన్నప్పుడు నాన్న దాచుకున్న తేగలు తినేసిన సంగతి చెప్పింది. ముసలితనంలో ఈ మనిషి కూర్చుని తేగల దగ్గర నుంచీ తప్పులు ఏరుకుంటోంది. నేను టీ తాగుతూ విన్నాను. విని, బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

జీడి కాపు పనంతా ఎప్పటిలాగే ఆవిడే చేసేది. పిక్కలు ఎండబెట్టి రెండు పోగులు పెట్టి, ఒకటి తమ్ముడికి, ఒకటి నాకు ఇచ్చేది. తనకు గుప్పెడు కూడా ఉంచుకునేది కాదు. ఉంచుకో అత్తా అంటే, "అన్న వద్దన్నది నాకెందుకే" అనేది. ఆ పిక్కలు నేను సంచిలో వేసుకుని తెచ్చుకున్నాను, పాయసంలో వేసుకుని తిన్నాను. సిగ్గులేని జన్మ అంటారే, అది నాదే.

మొన్న భూముల రీసర్వే అయ్యి కొత్త పాస్‌బుక్ వచ్చింది. తోటలో సగం నాదని, నా ఫోటో వేసి మరీ ఇచ్చారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. అది చూశాక నాకు అన్నం సయించలేదు. ఆ ఆదివారమే రైలెక్కి వెళ్ళాను.

అత్త సాలలో పలుపుతాడు పేనుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆ తాడుతోనే కొట్టినా బాగుండుననుకున్నాను.

"అయితే అన్న మార్సనేదా?" అంది.

"లేదత్తా. నీకే ఇచ్చాననుకుంటూ పోయాడు."

"నా మీద కోపం నేదా?"

"లేదు."

పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను ఆవిణ్ణి ముట్టుకోలేకపోయాను. ఆ చేతికి దూరంగా నడిచిన పిల్ల ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పట్టుకుంటుంది? కాసేపటికి, నా వంతు ఆవిడ పేర రిజిస్టరు చేయిస్తానన్నాను.

"తోట మాట తరవాత" అంది అత్త కళ్ళు తుడుచుకుని. "మాటిచ్చి ఎనక్కి తీసుకున్నాడని మా అన్నని ఇన్నాళ్ళూ ఊరంతా అనుకుంటన్నాది. నలుగురిలో సెప్పినావు కదా అబద్ధం. నిజం కూడా నలుగురిలోనే సెప్పు. వచ్చే నెల అన్న పోయిన దినం ఉన్నాది, అందరూ వస్తారు. ఆ రోజు సెప్పు."

సరేనన్నాను. నెల రోజులు స్కూలుకు వెళ్తూ వస్తూ ఆ మాటలు నోటిలో వల్లించుకున్నాను.

నాన్న దినం నాడు మధ్యాహ్నం అందరూ పంక్తిలో కూర్చున్నారు. అత్త పులుసు గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. ఒక మాట చెప్పాలని లేచి నిలబడ్డాను. అందరూ తల ఎత్తారు. నా తమ్ముడి పెళ్ళాం, పిల్లలు, పక్కింటాయన, టీచరమ్మా అని పిలిచే వాళ్ళంతా. 

"జీడితోటలో నా వంతు అత్తకు రాసిచ్చేస్తున్నాను" అన్నాను.

అక్కడితో ఆగిపోయాను. అది నలుగురిలో నేను ఆడిన రెండో అబద్ధం. అందులో అబద్ధం మాట ఒక్కటి కూడా లేదు.

"మా టీచరమ్మది పెద్ద మనసు" అన్నాడు పక్కింటాయన. తమ్ముడు కూడా ఉబ్బిపోయి, అయితే నా వంతు కూడా ఇచ్చేస్తానన్నాడు. తండ్రి ఇవ్వనిది పిల్లలు ఇచ్చారని ఎవరో అన్నారు. ఆ మాట విన్నాక కూడా నేను నోరు తెరవలేదు. తల వంచుకుని నిలబడ్డాను, వాళ్ళకు అది అణకువలా కనిపించింది.

"నాకొద్దు" అంది అత్త.

మొదట ఎవరికీ వినపడలేదు. రెండోసారి అందరికీ వినపడేలా అంది. ఇస్తామంటే వద్దంటుందేమిటి, ముసలిదానికి మతి చెడిందని నవ్వారు. తమ్ముడు కసిరాడు. అత్త తర్వాతి విస్తట్లో పులుసు పోసింది.

సాయంత్రం ఎండ ఉండగానే ఆటో వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక అత్త వీధిలోకి వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడింది.

"తోట అడిగినానేటే నిన్ను?" అంది మెల్లగా. "మా అన్న మీదున్న మచ్చ తుడవమన్నాను. నువ్వు మంచి పేరు తెచ్చుకొని ఎల్లిపోతన్నావు."

డ్రైవరు వెనక్కి తిరిగి, పోనివ్వమంటారా అని అడిగాడు. ఇంకా అందరూ అరుగు మీదే ఉన్నారు, చుట్టాలూ, పక్కింటాయనా, తమ్ముడూ. దిగి పది అడుగులు వేస్తే చాలు.

పోనివ్వమన్నాను.