ఊరికే వేసిన మార్కులు

మా బిడ్డను ఎవరైనా పొగిడితే నాకు ముందు అనుమానమే వస్తుంది. రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి తగ్గాక దానికి వినపడకుండా పోయింది. అప్పటి నుంచి దాన్ని చూసిన ప్రతివాళ్ళూ "ఎంత చక్కటి పిల్ల" అనేవారు. వెనకాలే "పాపం" అనేవారు. ఆ రెండో మాట కోసమే మొదటి మాట వచ్చేదని నాకు తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక చిన్న స్కూల్లో అది నాలుగో తరగతి చదివేది. స్కూలు నడిపే మేడమ్‌ది కోస్తా. పిల్ల చెవికి మిషన్ పెట్టుకుని, పెదాలు చూసి కొంత గ్రహించేది. ఇంట్లో మాకు సైగలే. ఏ పరీక్షలోనూ తొంభైకి తగ్గేవి కావు మార్కులు. "బంగారుతల్లండీ, అస్సలు అల్లరి చెయ్యదు" అనేది మేడమ్. ఇంట్లో అన్నం నచ్చకపోతే కంచం విసిరేసే పిల్ల బడి గేటు దాటగానే బంగారుతల్లి ఎలా అవుతుందో నాకు అంతుపట్టేది కాదు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయిన మా ఆయన సమ్మెలో ఉన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పులో తిని, ఇంటికొచ్చి మళ్ళీ తినేవాడు. "మంచిగనే చదువుతున్నది గద, నీకేం పరేషాన్?" అనేవాడు.

బళ్ళు కూడా మూతపడ్డాయి. చదువు మరిచిపోతుందేమోనని ఒకరోజు పిల్లను పలక ముందు కూర్చోబెట్టి, "నీకు ఏ కూర ఇష్టం?" అని రాసిచ్చాను. అది శ్రద్ధగా చూసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "నీకు ఏ కూర ఇష్టం?" అని రాసింది. ఆటపట్టిస్తోందనుకున్నాను. "మీ నాన్న ఎక్కడికి పోయాడు?" అని రాశాను. అదీ అలాగే దింపింది, చివర ప్రశ్న గుర్తు కూడా వదలకుండా. దింపి, మెచ్చుకుంటానేమోనని నా ముఖం చూసింది.

నాలుగేళ్ళు బడికి పంపితే పిల్లకు అక్షరాల బొమ్మలు గీయడం వచ్చింది. చదువు రాలేదు.

బడి తెరిచిన రోజే పిల్లను వెంటబెట్టుకుని పోయాను. గేటుకు గొలుసు వేసి ఉంది. మేడమ్ గేటు సందులోంచి చూసి, ఉద్యమం చందాలకు వచ్చాననుకుందో ఏమో, గొలుసు తీయడానికి చాలాసేపు పట్టింది. నేనూ తక్కువ దాన్ని కాదు. ఇక్కడి పిల్ల అని పట్టించుకోలేదేమోనని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను.

తరగతి గదిలోకి పోయి, చదవరాని పిల్లకు తొంభై మార్కులెట్లా వచ్చాయని అడిగితే ఆమె ఏమీ దాచలేదు. "పక్కనమ్మాయిది చూసి రాసుకోనిస్తామండీ. సున్నా వస్తే ఆ పసి మనసు ఏమైపోతుంది చెప్పండి?"

"మిగతా పిల్లలకు ఏస్తరు గద సున్నాలు. వాళ్ళకు మనసులుండయా?"

"వాళ్ళూ ఈ పాపా ఒకటి కాదు కదమ్మా."

"ఎందుకు గాదో జర చెప్పున్రి. గదే అడుగుతున్న."

మంచి చేసినా తప్పు పడతారు, మీవాళ్ళకు ఇప్పుడు ప్రతిదీ గొడవే అంది ఆమె. మీవాళ్ళు చేసే మంచి ఎట్లా ఉంటుందో మాకు తెలుసన్నాను నేను. పిల్ల సంగతి వదిలేసి ఇద్దరం నీళ్ళ దాకా, ఉద్యోగాల దాకా పోయాం. పిల్ల నా కొంగు పట్టి లాగింది. ఎందుకు కొట్లాట అని అడిగింది. చెప్పాలా వద్దా అనుకుంటూనే సైగలతో చెప్పేశాను: నీ మార్కులు ఊరికే వేసినవట.

ఏడుస్తుందనుకున్నాను. అది భుజాలెగరేసి, పక్క బెంచీ వైపు చూపించి, అక్కడ ఎవరో రాస్తున్నట్టు గాలిలో రాసి చూపింది. మార్కులు ఆ పక్కనమ్మాయివని దానికి ఎప్పుడో తెలుసు. మేడమ్ కుర్చీలో కూలబడింది.

దాన్ని రెండో తరగతిలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నాలు నేను పోయి పక్కన కూర్చుని సైగలతో అర్థం చెప్పాలని, చూసి రాయనివ్వకూడదని ఒప్పందం. ఆమె మాట మీద నాకు నమ్మకం లేదు. చెప్పకుండా పోయి కిటికీలోంచి చూసేదాన్ని. నేను కనబడగానే ఆమె ముఖం ముడుచుకునేది.

మొదటి పరీక్షలో మూడు మార్కులొచ్చాయి. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు, కంచమూ విసరలేదు. "మంచిగున్న పిల్లను ఏడిపిస్తున్నవ్, నువ్వేం తల్లివే" అంది మా అత్త. పైకి గట్టిగానే జవాబిచ్చాను. మేడమ్ మాటే నిజమేమో, దీని మనసు విరిచానేమో అని లోపల నాకూ భయంగానే ఉంది.

సంవత్సరాంతపు పరీక్ష పేపర్లు ఇచ్చే రోజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పిల్ల తన పేపరు తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టి, ఒక చోట వేలితో పొడిచింది. "పండ్లు ఎక్కడ కొంటాం?" అన్నది ప్రశ్న. గడ్డిఅన్నారం అని, దగ్గర్లోని పండ్ల మార్కెట్ పేరు రాసింది మా పిల్ల. ఎర్ర ఇంటూ పడింది. మేడమ్ పుస్తకం తెరిచి "దుకాణంలో" అన్న మాట చూపించింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. కిటికీ బయట మార్కెట్ దిక్కు చూపించి, మామిడికాయల డబ్బా ఎత్తినట్టు, కాయ వాసన చూసినట్టు, బేరమాడినట్టు చేసి చూపింది. మేడమ్ మళ్ళీ పుస్తకం చూపించింది. పిల్ల మళ్ళీ కిటికీ చూపించింది. వెనక తల్లిదండ్రులు వరసలో విసుక్కుంటున్నారు. ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి.

చివరికి మేడమ్ ఆ ఇంటూ కొట్టేసి అర మార్కు వేసింది. పిల్ల ఒక వేలు చూపించింది, ఒకటి కావాలని. మేడమ్ కుదరదంది.

జాలిపడి వేసిందేమోనని నాకు అనుమానం వచ్చింది. కానీ జాలయితే మొత్తం మార్కు వేసి పంపించేసేది. ఇంత సేపు వాదించేది కాదు. పొద్దుపోతోంది, ఇక పోదాం రమ్మని ముందుకు వెళ్ళాను. అది నా వైపు తిరగకుండానే, నువ్వు మధ్యలో రావద్దని చెయ్యి ఊపింది.