గడప దాటని లైటర్

తమిళనాడులోని గుడియాత్తంలో మా తెలుగువాళ్ళలో కొందరు లుంగీలు నేస్తారు, కొందరు అగ్గిపెట్టెలు నింపుతారు. మా ఇంట్లో రెండూ ఉండేవి. నాయన మగ్గం మీద కూర్చుంటే అమ్మ అగ్గిపెట్టెల షెడ్డుకు వెళ్ళేది. పుల్లలు లెక్కపెట్టి పోయదు. గుప్పిట్లోకి తీసుకుంటే చాలు, చెయ్యే చెబుతుంది. చుట్టపుచూపుగా ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ అగ్గిపెట్టె తెరిచి చూసేది. కాఫీ ఇచ్చారా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

అలాంటి మనిషికి బయటి దేశం నుంచి ఒక శత్రువు దిగింది, ప్లాస్టిక్ లైటర్. చవక. ప్రతి టీకొట్లోనూ దారం కట్టి వేలాడదీశారు. షెడ్డులో పని తగ్గుతూ తగ్గుతూ వారంలో సగం రోజులకు వచ్చింది. అది మూతపడితే ఈ వయసులో తనకు ఇంకో చోటు ఎవరిస్తారని అమ్మ భయం. పగలంతా ఇంట్లో కూర్చుని నాయన ముఖం చూడడం తన వల్ల కాదని ఆయన ఎదుటే చెప్పేది.

అందుకని ఇంట్లో ఒక చట్టం చేసింది. "మన దేశంలో చేసిందే ఈ గడప తొక్కల్ల. పరాయి సరుకు వద్దంటే వద్దు."

చట్టం బాగానే ఉంది, అమలు చూడాలి. స్టవ్వుకు ఒక పుల్ల, పక్క పొయ్యికి ఇంకో పుల్ల. దీపానికి మళ్ళీ కొత్తది. మండే పుల్లతోనే రెండోది వెలిగించబోతే నా చేతి మీద ఒక్కటిచ్చేది. "పుల్ల మిగిలిస్తే నాకు పని మిగలదు" అనేది. కరివేపాకు కాడలు కూడా పారెయ్యని మహాతల్లి అగ్గిపుల్లల దగ్గర మాత్రం జమీందారిణి అయిపోయింది.

అంతటితో ఊరుకుందా? నా సీమంతానికి వచ్చిన ఆడవాళ్ళకు తాంబూలంలో ఆకు, వక్క, పసుపు, రవికె గుడ్డ పెట్టి, పైన తమ షెడ్డు అగ్గిపెట్టె ఒకటి పెట్టి ఇచ్చింది. ఒడుగత్తూరు మేనత్త ముక్కున వేలేసుకుంది.

"శుభమా అని పిలిచి చేతిలో నిప్పు పెడతావా? ఇదేం విడ్డూరమమ్మా?"

"నీ ఇంట్లో దీపం దేంతో పెడతావు, చూపుతోనా?" అని అడిగింది అమ్మ.

అత్త అగ్గిపెట్టెను సంచి అడుగుకు తోసింది. వేలూరు నుంచి వచ్చిన మా అత్తగారి వైపు చూసే ధైర్యం లేక నేను గాజులు సర్దుకుంటూ కూర్చున్నాను. ఇక దేశభక్తుడైన మా నాయన పెరట్లో బీడీని లైటర్‌తోనే ముట్టించి, దాన్ని నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో దాచేవాడు. అమ్మ ఆ గుంటలోకి దిగదు గనక చట్టం నిలిచింది.

నేను పురిటికి వచ్చి ఉండగానే షెడ్డు మూతపడింది. అమ్మ అన్నం సరిగా తినలేదు. కొన్నాళ్ళకు షెడ్డు యజమాని మొదలాళి కబురు పంపితే చీర మార్చుకుని పరుగున పోయింది. సాయంత్రం తిరిగొచ్చి గడప బయటే ఆగిపోయింది. చేతిలో లైటర్. విడిభాగాలు బయటి దేశం నుంచి వస్తాయట. ఆ షెడ్డులోనే బిగిస్తారట. వాటిమీద చీటీ అతికించడం అమ్మ పని.

"ఈ చీటీలో ఏం రాసుండాదమ్మా?" అని నన్ను అడిగింది. అమ్మ తమిళమైతే కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు.

"మన దేశంలో చేసిందని."

అమ్మ లైటర్‌ను తిప్పి ఆ చీటీ మీద వేలు రాసింది. నాయనకు మాత్రం పండగే.

"ఇంకేం, నీ చట్టం ప్రకారం ఇది మన సరుకే గదా. లోపలికి రానీ."

"చీటీ అతికించింది నేను. అది యాడిదో నాకు తెలీదా?"

లైటర్‌ను అరుగు మీద పెట్టి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

"మరి రేపు పోతావా?" అన్నాడు నాయన, ఈసారి మెల్లగా.

"పోకుండా? నేను కూర్చునే చోటే ఇచ్చినారు."

అటక మీద మిగిలిన తమ షెడ్డు పెట్టెల్లోంచి ఒకటి దించి పుల్ల గీసింది. దీపం వెలిగించింది. ఆ పుల్ల ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి స్టవ్వు వెలిగించింది, వేళ్ళు కాలుతున్నా దాంతోనే పక్క పొయ్యీ వెలిగించింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏం చూస్తావు? ఇంక ఇవి రావు గదా. పొదుపుగా వాడుకోవల్ల" అంది.